అడ్డగోడ కింద తొట్టి

మా సంఘంలో నన్ను పెద్ద అనేవారు. ఆరడుగుల పొడుగు తప్ప నాలో ఇంకే పెద్దరికమూ లేదు. ఫ్యాన్లు తుడవడానికి స్టూలు అక్కర్లేని మనిషి దొరికాడని అందరూ దేవుణ్ణి స్తుతించారు.

శంషాబాద్ మెయిన్ రోడ్డుకు వెనక రేకుల షెడ్డులో మా పెంతెకొస్తు మందిరం. విమానం తల మీదుగా దిగినప్పుడల్లా పెద్ద పాస్టరుగారు ప్రసంగం ఆపి, అది పోయాక అందుకునేవారు. విమానాలకు అంత ఓపికగా దారిచ్చిన మనిషి, ఒక ఆదివారం తన తర్వాత సంఘానికి అల్లుడే కాపరి అని దేవుడు దర్శనంలో చెప్పాడన్నారు. మరుసటి ఆదివారానికి, ఏళ్ల తరబడి ఆయన కింద పనిచేస్తున్న చిన్న పాస్టరుగారికీ దర్శనమైంది. అందులో అల్లుడు లేడు. భజన ఎక్కువైతే విభజనే అని నేనొక జోకు వేశాను. ఎవరూ నవ్వలేదు. రెండు పక్షాలూ నన్ను అవతలి పక్షం మనిషి అనుకున్నాయి.

నెలలు కొట్లాడుకుని, చివరికి హాలును నిలువునా ప్లైవుడ్ గోడతో పంచుకున్నారు. కొలతల టేపు ఒక కొస పట్టుకున్నది నేనే. వేదిక పలకల కింద బాప్తిస్మపు తొట్టి ఉందని నాకు గుర్తే రాలేదు. ఏటా దాన్ని కడిగేదీ నేనే. గోడ సరిగ్గా తొట్టి నడిమికి పైన నిలబడింది. నీళ్లు పట్టే కుళాయి మా వైపు, అంటే పెద్దాయన వైపు పడింది. నీళ్లు వదిలే బిరడా చిన్నాయన వైపు పడింది. మధ్యలో మా అమ్మ పడింది.

మా దగ్గర బాప్తిస్మం తీసుకోనివాళ్లు ప్రభువు బల్లలో, అంటే నెలకోసారి పంచే రొట్టె, ద్రాక్షారసంలో చేయి వేయకూడదు. నాన్నకు ఇష్టంలేదని అమ్మ పదేళ్లు ఆగింది. ప్రతి నెలా రొట్టె పళ్లెం రాగానే రెండు చేతులా పట్టుకుని, పక్కావిడకు అందించేది. నాన్న పోయి ఏడాది దాటినా, ఈ కొట్లాటల్లో ఆమె సంగతి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఆమెకు మోకాలి ఆపరేషన్ నిశ్చయమైంది. ఆ తర్వాత ఎప్పటికి నీళ్లలో దిగగలదో డాక్టరు చెప్పలేదు. అందుకని ఆపరేషన్‌కు ముందు వచ్చే ఆదివారమే ముహూర్తం అనుకున్నాం.

శనివారం సాయంత్రం మా వైపు పలకలు తీసి తొట్టి నింపాను. ఆదివారం పొద్దున చూస్తే అడుగున తడి తప్ప ఏమీ లేదు. అమ్మ తెల్లచీర కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"బిరడా ఎవరు పీకిండ్రు?" అని పెద్దాయన గోడను అడిగారు.

గోడ అవతల నుంచి చిన్నాయన గొంతు మర్యాదగా వచ్చింది. "మా వేదిక కింద నీళ్లు కనిపిస్తే లీకవుతోందేమోనని తీసేశామండీ. నింపేముందు ఒక్క మాట చెప్పాల్సింది."

"నా తొట్టిల నీళ్లు పోసుడుకు నిన్నడగాల్నా?"

"సగం మాదేనండీ, అయ్యగారూ."

నేను సర్దిచెప్పబోయాను. "నువ్వు జర ఊకో బిడ్డా, నీ టేపుతోనే వచ్చింది గీ లొల్లంత" అని అమ్మ వేదిక అంచున కూర్చుంది. "తొట్టి ఎవలదైతె నాకేంది సారూ? పదకొండేండ్ల సంది పళ్లెం పక్కకిస్తున్న. మోకాలు కోసినంక దిగుతనో దిగనో. గీ చెక్క గోడన్న తియ్యుండ్రి, లేకుంటె ఆటో మాట్లాడుకొని అత్తాపూర్‌ల మా చెల్లె పోయే చర్చికి పోత."

దేవుని వాక్యం చేయలేని పని ఆ మాట చేసింది. సంఘాన్ని చీల్చుకోగలరు గానీ, చేతిలో ఉన్న ఒక మనిషిని ఇంకో సంఘానికి వదులుకోవడం ఇద్దరివల్లా కాదు. నేను స్క్రూలు విప్పాను. చిన్నాయన బిరడా పెట్టారు. తొట్టి నిండేదాకా రెండు సంఘాలూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే పాటను రెండు శ్రుతుల్లో పాడి నా ప్రాణం తీశాయి.

ఇద్దరు పాస్టర్లూ తొట్టిలో దిగి, చెరో భుజం పట్టుకుని, పోటీపడి ఒకేసారి మంత్రం చదివినట్టు బాప్తిస్మపు మాటలు చెప్పారు. అప్పుడే విమానం దిగింది. ముందు ముగించిందెవరో ఎవరికీ వినపడలేదు. అమ్మ మునిగి లేచింది. ఆమె తల తుడుచుకోకముందే ఇద్దరూ చెరో సర్టిఫికెట్ మీద పేరు రాయిస్తున్నారు.

"నేను ఒక్కసారే మునిగిన గద!" అంది అమ్మ.

ఆరాధన మొదలయ్యేలోగా ప్లైవుడ్ మళ్లీ బిగించాలని ఇద్దరూ ఏకమనస్సుతో ఆజ్ఞాపించారు. ఏడాదిలో వాళ్లు ఏకీభవించిన విషయం అదొక్కటే. బిగించాను.

బల్ల వేళకు పళ్లెం అమ్మ దగ్గరికి వచ్చింది. అలవాటుగా రెండు చేతులా పట్టుకుని పక్కావిడకు ఇచ్చేసింది. ఆమె అందుకుని కదలబోతుంటే, "ఆగాగు, నాది!" అని కొంగు పట్టుకుని ఆపి, ముక్క తీసుకుంది. చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది.

తర్వాత లేచి, కుంటుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

"ఎటు పోతున్నవమ్మా?"

"అవుతలి పళ్లెం కాడికి. ఆడ గూడ సగం మునిగిన గద."