టీవీ వెనక ఉత్తుత్తి గోడ

అతన్ని ఇంట్లోవాళ్లు చాటుగా బొంగరం అనేవారు. వయసంతా బస్సు నడిపిన మనిషి. చూపు ఆనడం లేదని డాక్టరు రాసిచ్చాక, రిటైర్ కావడానికి ఇంకా గడువుండగానే స్టీరింగు వదలాల్సి వచ్చింది. చూపు తనకి కాదు, ఆ డాక్టరుకే తక్కువని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. అప్పటినుంచి కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. నిక్షేపంలాంటి కుళాయిని విప్పి మళ్లీ బిగించేవాడు. నిన్న సర్దిన అటకని ఇవాళ మళ్లీ దించేవాడు. కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటని భార్య విసుక్కుంటే, చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు.

అలాంటప్పుడు కూతురు పెద్ద టీవీ ఒకటి, దాంతోపాటు స్పీకర్లూ ఆంప్లిఫయరూ కొనుక్కొచ్చింది. హాలు నిండా వైర్లు వేలాడుతున్నాయి. ఎలక్ట్రీషియన్ అయిన బావమరిది వచ్చి చూసి, ఉన్న గోడకి జానెడు ఎడంగా చెక్క ఫ్రేము నిలబెట్టి, పైన బోర్డు కొడితే వైర్లన్నీ లోపలికి పోతాయన్నాడు. స్పీకర్లకీ ఆంప్లిఫయరుకీ అందులోనే అరలు, వేడి పోవడానికి పక్కన చిన్న తలుపు. "అంటే ఉత్తుత్తి గోడన్నమాట" అంది భార్య. ఆదివారం వచ్చి మొదలుపెడతానని చెప్పి, కన్నం పడకూడదని గోడలో బాత్రూమ్ పైపు వెళ్లే చోట పెన్సిల్‌తో గీత గీశాడు బావమరిది.

"అందాకా ఆగడమెందుకురా, ఫ్రేము నేను కొడతాను" అన్నాడు బొంగరం.

"నువ్వు కూర్చో బావా. కళ్లున్నవాళ్లు చేసే పని ఇది."

నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు కూడా. అతనికి మాత్రం ఆ మాట పంటి కింద రాయిలా తగిలింది.

మర్నాడు కూతురు ఆఫీసుకీ భార్య కూరగాయలకీ వెళ్లగానే డ్రిల్లింగ్ మెషిన్ చేతికి తీసుకున్నాడు. మొదటి బద్ద చక్కగా కూర్చుంది. హుషారొచ్చింది. రెండో బద్దకి కన్నం వేస్తుంటే గోడ ఒక్కసారిగా మెత్తగా తగిలి, నీళ్లు మొహం మీద ఛెళ్లున చిమ్మాయి. మెషిన్ పక్కకి గిరాటేసి అరచేత్తో కన్నం మూశాడు. చెయ్యి తీస్తే కొత్త టీవీ తడిసిపోతుంది. తీయకపోతే డాబా మీదికెళ్లి వాల్వు కట్టే దారి లేదు. ఎప్పుడూ ఒకచోట నిలవని మనిషి గోడకి అతుక్కుని నిలబడ్డాడు. నీళ్లు మోచేతి మీదుగా కారి చొక్కాలోకి పోతున్నాయి.

భార్య గుమ్మంలోకి వస్తూనే సంచీ కింద పడేసి డాబా మీదికి పరిగెత్తింది. నీళ్లు ఆగాక దిగి వచ్చింది.

మెషిన్ జారిందన్నాడతను. ఆవిడ గోడ వంక చూసింది. అతని అరచెయ్యి ఉన్న చోటే, పై నుంచి కింద దాకా నల్లటి గీత.

"గీత కనబడలేదు కదూ?"

అతను తువ్వాలుతో తల తుడుచుకుంటూ ఉండిపోయాడు. తుడుచుకోవడానికి ఇంకేం మిగల్లేదన్నప్పుడు, "లేదు" అన్నాడు. "ముక్కు ఆనించి చూసినా కనబడలేదు. నీ మొహం కూడా ఆ కిటికీ దగ్గర నిలబడితే తెలియదు. గొంతు విని పోల్చుకుంటున్నా."

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగబోయి మానుకుంది.

"మీ తమ్ముడికి చెప్పకు."

"నేను చెప్పను. మీరే చెప్పండి."

అతను హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరిగాడు. ఫోను తీశాడు, పెట్టేశాడు, మళ్లీ తీశాడు. చివరికి చెప్పాడు. బావమరిది ఆ సాయంత్రమే వచ్చి పైపు అతికించాడు. ఎగతాళి చేస్తాడేమోనని బిగుసుకుని ఉన్న బావతో, నిన్నటి తన మాట ఎంత లోతుగా దిగిందో ఇప్పుడు తెలిసిందన్నాడు. తల మాత్రం పైపు మీంచి ఎత్తలేదు.

ఆదివారం ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. పని ఏమంత సాఫీగా సాగలేదు. "పట్టుకున్నావా, ఆనుకున్నావా బావా?" అని వాడు కసురుకునేవాడు. ఒక బోర్డు మూల విరిగింది. ఎవరివల్ల అన్నది ఇప్పటికీ తేలలేదు. చిన్న తలుపు ఒకసారి తలకిందులుగా బిగించి, విప్పి మళ్లీ బిగించారు. ఎలాగైతేనేం, గోడ లేచింది, రంగు పడింది, వైర్లన్నీ దాని వెనక్కి పోయాయి.

మొదటి సినిమాకి అందరూ కూర్చున్నారు. అతను రెండుసార్లు లేచి చిన్న తలుపు తీసి, వేడెక్కిందేమోనని లోపల చెయ్యి పెట్టి చూసొచ్చాడు. మూడోసారి లేవబోతుంటే భార్య చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. కాసేపు తెర మీద కదిలే రంగుల వంక కళ్లు చికిలించాడు.

"ఇప్పుడొచ్చిందెవరే?" అని కూతుర్ని అడిగాడు.

కూతురు అతని వైపు తిరిగి చూసింది. తల్లి ముందే చెప్పి ఉంచిందేమో, ఆశ్చర్యపోలేదు. "పెళ్లికూతురి అన్న నాన్నా. తలుపు దగ్గరే ఆగిపోయాడు, చేతిలో పెట్టె ఉంది" అంది. దగ్గరికి జరిగి, అక్కణ్నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.

అతను వింటున్నాడు. కాలు మాత్రం ఊగుతూనే ఉంది.