అరకిలో దాటిన చీర

నేను చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కొరియర్ ఖర్చు తగ్గిద్దామని ఇవాళ బెంజ్ సర్కిల్ దగ్గర మూడు ఆఫీసులు తిరిగాను. ఎక్కడ తూచినా పార్సిల్ అరకిలో దాటింది, కిలో ఛార్జీ కట్టమన్నారు. అన్నీ దొంగ కాటాలేనని ముగ్గురితోనూ గొడవపడి ఇంటికొచ్చి డబ్బా విప్పాను. చీర కింద రవికగుడ్డ, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి చిప్ప ఉన్నాయి.

"ఇవి మీరు పెట్టారా అత్తయ్యా?"

"మొదట్నుంచీ నేనేగా పెడుతోంది! ఆడపిల్లకి వట్టి చీర పంపుతామా?"

"ఆవిడ కొనుక్కుంది అత్తయ్యా."

"కొనుక్కుంటే ఆడపిల్ల కాకుండా పోతుందా?"

వాటిని బయటికి తీస్తుండగా పాత కస్టమర్ మెసేజ్ వచ్చింది: "మీ పార్సిల్ విప్పితే పుట్టింటి నుంచి వచ్చినట్టుందండీ. ఇంకో రెండు చీరలు పంపండి."

తీసినవన్నీ మళ్లీ సర్దేశాను. కిలో పార్సిల్‌కి ఎవరు తక్కువ తీసుకుంటున్నారో తెలిస్తే చెప్పండి.