చూస్తాలే పెద్దమ్మా

చెట్ల కొమ్మలు కొట్టడానికి తొమ్మిది నుంచి రెండింటిదాకా మా వీధికి కరెంటు ఆపుతామని ఈ ఉదయం ఫోనుకు సందేశం వచ్చింది. తెనాలి ఎండల్లో ఫ్యాను ఆగితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తొమ్మిదయ్యీ కాకముందే కింది వాటాలో అమ్మాయి, మిక్సీలో పచ్చడి సగంలో ఆగిపోయిందని విసుక్కుంటూ మెట్లెక్కి వచ్చి, "బాబాయిగారూ, మీరు పనిచేసిన డిపార్టుమెంటేగా, ఒక్క మాట చెప్పి తొందరగా ఇప్పించకూడదాండీ?" అంది. చూస్తానమ్మా అనబోయి ఆగిపోయాను. ఆ మాట నోటిదాకా వస్తే చాలు, నా ముక్కుకు పొగ వాసన తగులుతుంది.

లైన్‌మన్‌గా చేరిన కొత్తల్లో నాకు బాపట్ల నుంచి సముద్రం వైపు పోయే లైను అప్పజెప్పారు. నా వయసువాళ్లకు ఆ దారి గుర్తుండే ఉంటుంది, సైకిలు చక్రాలు దిగబడే ఇసుక, రెండు పక్కలా సరుగుడు తోటలు, గాలి వీస్తే ఎక్కడో వాన పడుతున్నట్టు హోరు. సంచిలో కటింగ్ ప్లయరు పక్కనే అమ్మ కట్టిచ్చిన గోంగూరన్నం పెట్టుకుని ఆ నీడన వెళ్తుంటే ఉద్యోగమంటే ఇంత హాయిగా ఉంటుందా అనిపించేది. వేసవి వస్తే మాత్రం గుండెల్లో గుబులే. రాలిన సరుగుడాకు ఎండి జానెడు మందాన పరుచుకుని ఉండేది, దాని పైనే మా తీగలు. ఎండకు సాగి వేలాడే తీగలు గాలికి ఒకదానికొకటి తగిలితే నిప్పురవ్వలు రాలతాయి. అవి తగలకుండా మధ్యలో వెదురుబద్ద కట్టాలి. కట్టాలంటే లైను ఆపించాలి, ఆపిస్తే ఐసు ఫ్యాక్టరీవాళ్లు మా పైవాళ్ల మీద విరుచుకుపడతారు, పైవాళ్లు మా మీద. అందుకని ఆ పనిని రేపటికీ ఎల్లుండికీ నెట్టడం మాకందరికీ అలవాటైపోయింది.

ఆ లైను కిందే ఒకావిడ తోట ఉండేది. నాకు చుట్టమేమీ కాదు, దారిలో ఆపి మజ్జిగ ఇచ్చేది కాబట్టి పెద్దమ్మ అయింది. భర్తకు పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతే, తోట అంచున తాటాకు పాకలో ఆయన్ని చూసుకుంటూ, కావిడితో నీళ్లు మోసి ఆ మొక్కల్ని బతికించింది. ఆ యేడు తోట నరికించి అమ్మి, రేకుల ఇల్లు వేసుకోవాలని ఆవిడ ఆశ. ఒక మధ్యాహ్నం నా సైకిలుకు అడ్డంగా వచ్చి, "అబ్బాయ్, పైన తీగలు టపటపా కొట్టుకుంటన్నాయి. మా ఆయన లేవలేని మనిషి. కాస్త చూడు నాయనా" అంది. మర్నాడు రేపల్లెలో మా అక్క కొడుకు అన్నప్రాశన. బస్సు తప్పిపోతుందన్న తొందరలో నేను సైకిలు దిగనైనా దిగలేదు. "చూస్తాలే పెద్దమ్మా" అన్నాను. మనవాళ్లలో ఆ మాటకు రెండర్థాలు. చేసిపెడతానని ఆవిడ అనుకుంది. ఇప్పుడు కాదని నేనన్నాను.

మూడో రోజు బాపట్లలో బస్సు దిగేసరికి సముద్రం వైపు ఆకాశం నల్లగా ఉంది. ఎక్కడని ఎవరినీ అడగలేదు, నాకు తెలిసిపోయింది. బస్టాండులో పెట్టిన సైకిలు తీసి అటే తొక్కాను. నేను చేరేసరికి మంట చెట్ల మీద నుంచి చెట్ల మీదకు దూకుతోంది, పాక అంటుకుంది. నలుగురు మనుషులు నులకమంచంతో సహా ఆయన్ని ఎత్తుకుని ఇసుకలో పరుగెడుతున్నారు, పెద్దమ్మ తడిగుడ్డ పట్టుకుని వెనక పడుతూ లేస్తూ వస్తోంది. ఆయన బతికాడు. తోటా పాకా మిగల్లేదు.

వారం తర్వాత విచారణకు పెద్ద సారు వచ్చాడు. లైను వల్లే అంటుకుందని తేలితే ఆ నష్టానికి డిపార్టుమెంటు జవాబు చెప్పుకోవాలి, నా ఉద్యోగం ఊడుతుంది. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. లైన్‌మన్ వచ్చి లైను చూశాడా అని సారు అడిగితే, "చూస్తానన్నాడండి. మంచి పిల్లోడండి" అంది పెద్దమ్మ. గుమాస్తా రాసుకుని చదివి వినిపించాడు: లైను చూడబడినది. ఆవిడ ఒక్క క్షణం నా వంక చూసి, "అన్నాడంటే చూసే ఉంటాడులెండి" అని వేలిముద్ర వేసింది. నేను తల దించుకున్నాను. ఎవరో పారేసిన బీడీ వల్ల నిప్పు అంటుకుందనీ, డిపార్టుమెంటు తప్పేమీ లేదనీ రాసుకుని వెళ్లిపోయారు. నా ఉద్యోగం నిలిచింది, రేకుల ఇల్లు లేవలేదు. తర్వాత నేను పొన్నూరుకు బదిలీ అడిగి వెళ్లిపోయాను. వెళ్లేముందు చెప్పిరావడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఇప్పుడు తీగలకు తొడుగులు వేస్తున్నారు, ముందే చెప్పి కరెంటు ఆపుతున్నారు. ఫిర్యాదు చేస్తే ఫోనుకు నంబరు వస్తుందిగానీ, చూస్తానని అనే మనిషి ఎదురుగా ఉండడు. మజ్జిగ ఇచ్చే పెద్దమ్మలు ఉన్నారో లేరో తెలియదుగానీ, ఉన్నా వాళ్లకు నాలాంటివాణ్ణి నమ్మాల్సిన అవసరం తప్పింది. ఈ రోజుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఆలస్యమైనా కొమ్మలన్నీ కొట్టనివ్వమ్మా అని కింది అమ్మాయికి చెప్పి, గొడుగు వేసుకుని వీధిలోకి వెళ్లాను. పనివాళ్లు దిగి వెళ్లాక, కరెంటు వచ్చాక కూడా చాలాసేపు ఆ తీగల్ని ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ చూడమన్నవి ఇవి కావు.