బావిలోంచి మెరిసి వచ్చిన బొక్కెన

తమ్ముడు రాజేశం వరంగల్‌లో రంగు షెడ్డు పెట్టాడు. పొడి చల్లి పెద్ద పొయ్యిలో కాలిస్తే ఇనుముకు పట్టేసే రంగు. "వచ్చి సూడక్కా" అని ఒకటే పోరు. ఎండాకాలం, ఒక శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను. కాజీపేటలో మిర్చి బజ్జీలు తిని, నోరు మండి తిట్టుకుంటూ వరంగల్‌లో దిగాను. తమ్ముడి ఇల్లున్న కొత్తవాడకు రిక్షా ముందే మాట్లాడుకోండి, లేకపోతే దిగాక గొడవే.

ఇంటి వెనకే షెడ్డు. దవాఖానకు పోయే ఇనుప మంచాలు వరసగా ఉన్నాయి. తుప్పు మీద రంగు నిలవదట, అందుకని ముందు తేజాబు తొట్టిలో ముంచుతున్నారు. ఆ యాసిడ్ ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. కడిగిన నీళ్లు గోడ వెనక గుంతలోకి పోతున్నాయి.

"గవి యాడికి పోతయ్‌రా?"

"భూమి తాగుతదక్కా, ఫికర్ చెయ్యకు."

మధ్యాహ్నం భోజనంలో నీళ్లు పుల్లగా తగిలాయి. అదే అన్నాను. "బాయి నీళ్లు గట్లనే ఉంటయ్" అని నవ్వేశాడు.

మర్నాడు పొద్దున ప్రయాణానికి కూజా నింపుకున్నానో లేదో, రెండిళ్లవాళ్లూ తోడుకునే బావి దగ్గర కేకలు. పక్కింట్లో జంపఖానాలు నేసే మల్లవ్వ, ఎప్పుడో బావిలో పడ్డ బొక్కెనను గాలం వేసి తీయించింది.

"తుప్పు బొక్కెన గదా, సూడు రాజేశం, తోమినట్టొచ్చింది!" అని మురిసిపోతోంది.

నిన్న తొట్టిలోంచి తీసిన మంచం కాళ్లదీ ఇదే రంగు! తమ్ముడు బొక్కెన అడుగు నొక్కాడు. వేలు అవతలికి దూరింది.

"మల్లవ్వా, గీ నీళ్లు తాగకుండ్రి. నా తేజాబు దిగింది."

"అయ్యో బిడ్డా, ఇప్పుడే మనుమరాలికి తాపిన గదరా!" అంటూ ఆమె కూలబడింది. పిల్లను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాను.

పిల్లకు ఏమీ కాలేదని దవాఖానలో చెప్పేదాకా నేను కదల్లేదు. తిరిగొచ్చేసరికి తమ్ముడు తొట్టి మూయించి, బట్టల సోడా కలిపిన వేడి నీళ్లతో జిడ్డు కడిగి, గరుకు కాగితంతో మంచాలు రుద్దుతున్నాడు.

"చేత్తోటి రుద్దితె రేపటికి గావు సారూ" అన్నాడు పనివాడు.

"ఆర్డర్ పోతె పోనియ్."

సాయంత్రం రైల్లో ఎదుటి సీటు చంటిపిల్ల తల్లి గ్లాసు చాపింది. "అక్కా, జర నీళ్లు పొయ్యరాదు."

కూజా వంచబోయి ఆగిపోయాను. పొద్దున నింపిన బావి నీళ్లే! మొత్తం కిటికీలోంచి పారబోశాను.

"ఇయ్యబుద్ధి గాకుంటె ఇయ్యకు. గింత ఎండల నీళ్లు పారవోస్తవా?" అందామె.

మా తమ్ముడి నిర్వాకం బయటపెట్టలేక ఖాళీ కూజా పట్టుకుని లేచాను. కాజీపేటలో దిగి, కూజా కడిగి, కుళాయి నీళ్లు పట్టాను. ముందు నేను తాగి చూసి, తర్వాత ఆమె గ్లాసులో పోశాను.