బీసీజీ పుండు మీద నేను అద్దిన విభూతి

ఆ పొద్దున రవిక తొడుగుతుంటే నా మనవరాలు నాగవేణి ఎడమ చేయి ఎత్తలేకపోయింది. దానికి ఆరేళ్లు. ఒళ్లు కాలుతోంది, చంకలో రేగుకాయంత గడ్డ.

నెల ముందు మా ఎమ్మిగనూరు బడిలో బీసీజీ వేశారు. మొదట ముంజేతికి ఒక సూది, మూడు రోజులకు వచ్చి చూసి భుజానికి ఇంకొకటి. రెండెందుకో నాకు అర్థం కాలేదు, నేను చదివింది రెండో తరగతే. క్షయ రాకుండా అన్నారు కాబట్టి ఒప్పుకున్నాను. "పుండు లేస్తాది, దాని జోలికి పోవద్దండి, అదే మానుతాది" అని సూది వేసినాయన చెప్పి వెళ్లాడు. పుండు లేవడం మంచిదని చెప్పే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

మా వాళ్లు ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకలు విసురుకునే ఆటకు పోతారు. దెబ్బ తగిలినచోట గుడి విభూతి రాసుకుని ఇంటికి వస్తారు, మానిపోతుంది. ఆ విభూతి మా ఇంట్లో రేకు డబ్బాలో ఉంది. పుండు పగలగానే అదే అద్ది, పాత చీర పేలికతో కట్టాను. నాలుగు రోజులు అలాగే చేశాను.

చేయి ఎత్తలేని రోజున పుండు తుడిచి, కోడలితో కలిసి బిడ్డను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు చంక ఒత్తి చూశాడు.

"గ్లాండ్ వాచింది. పుండు మీద ఏమన్నా పూసినావా అవ్వా?"

"ఏమీ పూయలేదప్పా."

నా కోడలు ఈరమ్మ నా వైపు చూసింది. నేను కళ్లెర్రజేశాను.

"కోడలి నోట్లో బట్ట కుక్కి తెచ్చినావేమి? మాట్లాడదే" అన్నాడు డాక్టరు. కార్డు అడిగి, దాని మీది బ్యాచ్ నంబరు రాసుకున్నాడు. "ఈ మందులోనే తేడా ఉందేమో. తేలేదాకా ఎమ్మిగనూరులో సూదులు ఆపమను" అని కాంపౌండరుతో అన్నాడు. ఒక బిడ్డ పుండుకు ఊరంతటి సూదులు ఎందుకు ఆగాలో నాకు తోచలేదు.

బిడ్డను ఆసుపత్రిలోనే ఉంచి రోజూ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేశారు. జ్వరం తగ్గింది. గడ్డ మాత్రం పగిలి కారసాగింది. తొమ్మిదో రోజున ఈరమ్మ నోరు తెరిచింది.

"సూదులు ఆపినారని ఓబులేసు బిడ్డకు వేయలేదంట అత్తా. ఆయప్ప క్షయ దగ్గుతో నెత్తురు కక్కుతాండాడు, బిడ్డ ఆ ఒళ్లోనే పండుకుంటాది. విభూతి సంగతి మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

ఓబులేసుది మా పక్క మగ్గం. మరునాడు డాక్టరు రాగానే నిలబడి చెప్పాను. "విభూతి పూసినానప్పా. నాలుగు దినాలు."

ఆయన తిట్టలేదు. బ్యాచ్ నంబరు రాసుకున్న కాగితం తీసి, కింద ఇంకో వరుస రాశాడు. "మా మనిషి మీ వీధి పిల్లల చేతులన్నీ చూసొచ్చినాడు. ఎవరికీ ఇట్లా లేదు."

"అయితే విభూతితోనేనా?"

"దాంతోనో, పేలికతోనో, మందుతోనో ఖాయంగా సెప్పలేను. నువ్వు సెప్పకుంటే మాత్రం అంతా మందు మీదే వేసుండేవాణ్ణి."

సూదులు మళ్లీ మొదలయ్యేసరికి అవి వేసే జట్టు ఆస్పరి వైపు పోయింది. ఓబులేసు భార్యను, బిడ్డను వెంటబెట్టుకుని నేనే పోయాను. ముంజేతికి వేసే పరీక్ష సూదికి, తరువాతి సూదికి మధ్య మూడు రోజులు అక్కడే ఉండి వేయించుకొచ్చాను. ఆ బిడ్డకూ పుండు లేచింది. ఈసారి ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వలేదు. దానంతట అదే మానింది.

నాగవేణి ఇప్పుడు బడికి పోతోంది. చంకలో ముడుత పడిన మచ్చ ఉంది. దేవుడి విభూతి చెడు చేసిందా, నా చేతులదీ డబ్బాదీ మురికి చేసిందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను, తేలదు. చదివే తల్లులకు ఒకటే చెప్తాను. సూది వేసిన చోట మీరేం పూసినా, బిడ్డకు ఏం తాపినా, డాక్టరు అడగక ముందే చెప్పండి. నేను సిగ్గుపడి దాచిన ఆ పది రోజులూ ఓబులేసు బిడ్డ సూది లేకుండా తండ్రి దగ్గు పక్కనే పడుకుంది.