జుబేదక్కకు దుబాసీ అక్కర్లేదు

రియాద్‌లో మా ఆస్పత్రి వరండాలో ఎవరైనా ఫ్లాస్కు మూత తీస్తే యాలకుల కాఫీ వాసన గుప్పుమంటుంది. వెంటనే నాకు జుబేదక్క మొహం గుర్తొస్తుంది, అదీ ఆముదం తాగినట్టు ముడుచుకున్న మొహం.

ఆమె పరిచయమైంది సౌదీ దక్షిణాన, ఖమీస్ ముషైత్ పట్టణం దాటి కొండల్లోకి వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్లో. ఒక మసీదు, ఒక పెట్రోలు బంకు, నేను నర్సుగా చేరిన క్లినిక్కు. కాకినాడ నుంచి వెళ్లిన నాకు పలకరించే మనిషి లేక, చేరిన కొత్తలోనే రాజీనామా ఇచ్చేద్దామనుకున్నాను. పక్క వాటాలో ఉండే జుబేదక్కది ప్రొద్దుటూరు. భర్త నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. ఆమెకు అరబ్బీ రాదు. రాదన్న సంగతి ఆమె ఏనాడూ పట్టించుకోలేదు. రొట్టెల కొట్టతనితోనైనా, పోలీసుతోనైనా కడప తెలుగే.

"వాళ్లకు అర్థం కాదు కదక్కా?" అన్నాను ఒకసారి.

"మనం మాట్లాడితే గదా పాపా, అర్థమయ్యేది" అంది.

ఆమె ప్రాణస్నేహితురాలు ఎదురింటి ముసలమ్మ ఉమ్ సాలెం, అంటే సాలెం తల్లి. రోజూ సాయంత్రం ఇద్దరూ గడప దగ్గర కూర్చుని, ఒకరు తెలుగులో, ఒకరు అరబ్బీలో గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. నవ్వుకునేవారు కూడా. నేను కాస్త అరబ్బీ నేర్చుకున్నానని తెలియగానే జుబేదక్క నన్ను మధ్యలో కూర్చోబెట్టింది.

"ఈయమ్మ ఏం చెప్తాందో ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. ఇన్నాళ్లూ ఈమె తన అత్త మోకాళ్ల నొప్పుల గురించి చెబుతుంటే, ఆవిడ తన మేకలు ఈనడం గురించి చెబుతోంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఈమె ఇచ్చే ఎర్ర పచ్చడిని మేకలు కూడా ముట్టలేదని ఆవిడ చెప్పింది. తన కాఫీని ఈమె రోజూ కషాయం అంటోందని ఆవిడకూ తెలిసిపోయింది. ఆ సాయంత్రం నుంచి రెండు తలుపులూ మూసుకున్నాయి. నా మీద మాత్రం ఇద్దరికీ సమానంగా కోపం.

ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దున, కొండ దిగిన కోతుల మంద మిద్దె మీద ఆరబెట్టిన వడియాల మీద పడింది. జుబేదక్క చీపురుతో పైకెక్కింది, వెనకాలే నేను. అరుపులు విని ఉమ్ సాలెం మేకల్ని తోలే కర్రతో వచ్చేసింది. ఇద్దరూ చెరో భాషలో తిట్టారు. ఆ పెద్ద మగకోతి ఏ భాషకు బెదిరిందో గాని, గోడ దూకి పారిపోయింది. మందంతా దాని వెనకే పోయింది. ఆయాసపడుతూ ఇద్దరూ అక్కడే చతికిలబడ్డారు. కాసేపటికి ముసలమ్మ ఇంటికెళ్లి కాఫీ తెచ్చింది. జుబేదక్క మొహం ముడుచుకునే రెండు కప్పులు తాగింది. ముసలమ్మ సగం ఎండిన వడియం ఒకటి నమిలి ఏదో అంది. నేను నోరు తెరవబోయాను.

"నువ్వు చెప్పాకు పాపా" అంది జుబేదక్క. "మాకు అర్థమైతాంది."

రాజీనామా మాట నేను మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆమె భర్త ఉద్యోగం ముగిసి, దేశం విడిచి వెళ్లే ఫైనల్ ఎగ్జిట్ వీసా పడి, వాళ్లు ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. నేను రియాద్ వచ్చేశాను.

ఇక్కడ మా వార్డుకు ఆపరేషన్ భయంతో వణికిపోయే పెద్దవాళ్లు వస్తుంటారు. కొందరి భాష పేరు కూడా నాకు తెలియదు. దుబాసీకి ఫోన్ చేసి, అతను వచ్చేలోగా మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని తెలుగులో మాట్లాడతాను. మా అమ్మ గురించో, కాకినాడ వానల గురించో. మొన్న ఒకావిడ నాకు చాలాసేపు ఏదో చెప్పి, నవ్వి, నిద్రపోయింది. అప్పుడొచ్చాడు దుబాసీ.

"ఏమైనా చెప్పిందా?" అని అడిగాడు.

"అంతా చెప్పింది" అన్నాను.