ఎవరూ పడని చెరువు

మా అత్తమ్మకు నీళ్లంటే భయం, పడవంటే ప్రాణం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా సర్దుకున్నాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పత్తర్‌గట్టి బజారులో మాది బట్టల దుకాణం. మామగారు పోయాక గల్లా దగ్గర కూర్చునేది ఆవిడే. వారమంతా గిరాకీలతో అరిచి అరిచి, ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించగానే నన్నూ నా కూతుర్నీ ఆటో ఎక్కించి బహదూర్‌పురా వైపున్న చెరువుకు తీసుకుపోయేది. పడవలో కూర్చున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుని దేవుడి పేర్లు చదివేది. దిగగానే "ఇంకో చక్కర్ కొడదామా?" అనేది.

ఆ చెరువులో ఒక గస్తీ పడవ తిరుగుతుంది. నారింజ రంగు రబ్బరు పడవ, వెనక చిన్న ఇంజన్. దాన్ని నడిపే పెద్దాయన ఒకరు, ఒడ్డున తాళ్లూ గాలి ట్యూబులూ చూసుకునే ఇంకొకాయన, వాళ్లిద్దరికీ పైన ఒక ఆడమనిషి. ఆమెను అందరూ ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. ముగ్గురి జీతాలూ, ఇంజన్‌లో పోసే పెట్రోలూ సర్కారు ఏటేటా మంజూరు చేసే డబ్బుతో నడుస్తాయి. టికెట్లు అమ్మి జనాన్ని పడవల్లో తిప్పేది మాత్రం వేరే గుత్తేదారు. ఈ తేడా మాకు మొదట్లో తెలియదు. మెడలో ఈలతో గట్టు మీద తిరిగే ఆపా కూడా గుత్తేదారు మనిషే అనుకున్నాం.

ఆమెతో మా పరిచయం లొల్లితోనే మొదలైంది.

పండుగ ముందు పత్తర్‌గట్టి రద్దీ ఎరిగినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. అక్కడ చాలామంది తల్లులు పిల్లల చెయ్యి పట్టుకోరు. చీర కట్టినవాళ్లు కొంగును, బురఖా వేసినవాళ్లు దుపట్టాను పిల్ల నడుముకు ముడి వేసేస్తారు. అప్పుడు రెండు చేతులూ బేరానికి ఖాళీగా ఉంటాయి. అత్తమ్మ తన కొడుకులను ఆ ముడితోనే పెంచింది. ఒక్కడూ తప్పిపోలేదని ఆవిడకు గర్వం. పడవ ఎక్కేటప్పుడు కూడా అదే పని చేసింది. మనవరాలి లైఫ్ జాకెట్ మీదుగా కొంగు చుట్టి, బిగించి ముడి వేసి, "ఇగ నడువుమను" అంది.

ఈల మోగింది. గట్టు మీద నుంచి ఆపా దిగి వచ్చింది.

"అమ్మా, గా ముడి విప్పుర్రి."

"ఎందుకు విప్పాలె? నా మనుమరాలు, నా కొంగు. నడుమల నీకేంది?" అంది అత్తమ్మ.

"బజార్ల గిది మంచిదే అమ్మా. మా అమ్మీ గూడ నన్ను గట్లనే కట్టేది. నీళ్లల్ల గట్ల కాదు. మీరు పడితె పాపను గూడ లోపటికి గుంజుతరు. విడివిడిగ ఉంటె ఇద్దరూ తేలుతరు."

"శుభమా అని పడవెక్కుతుంటె పడుడు, మునుగుడు అంటవేంది! నోట్లె మంచి మాట లేదా నీకు?"

"ఎంతనన్న తిట్టుర్రి అమ్మా. ముడి విప్పెదాక పడవ కదలది."

వెనక వరసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. అత్తమ్మ ముడి విప్పింది. ఆ చక్కరంతా దేవుడి పేర్లకు బదులు ఆపాను తిడుతూ కూర్చుంది. కోపంలో కళ్లు మూసుకోవడం కూడా మరిచిపోయింది, చెరువును మొదటిసారి పూర్తిగా చూసింది ఆ రోజే.

తర్వాతి వారాల్లో నేను నీళ్లకన్నా ఆపానే ఎక్కువ చూశాను. ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. బురఖా వేసుకున్న ఆడవాళ్లు జాకెట్‌ను బురఖా లోపల తొడుక్కునేవారు. నలుగురు మగవాళ్ల ముందు ఛాతీ మీద పట్టీలు బిగించుకోవాలంటే ఎవరికైనా సిగ్గే. కానీ నీళ్లలో పడితే బట్ట పైకి లేచి మొహాన్ని కప్పేస్తుంది. ఆపా ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. రేవు మూలన రెండు గడలు పాతి ఒక దుప్పటి పరదాగా కట్టింది. ఆడవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, జాకెట్‌ను బురఖా పైనుంచి తానే బిగించి, దాని మీద పల్చటి ఓణీ ఒకటి, నీళ్లలో పడితే జారిపోయేలా వదులుగా వేసి పంపేది. మర్యాదా దక్కింది, ప్రాణానికీ భరోసా దొరికింది.

కొత్తగా పెళ్లైన జంటలు ఫొటో కోసం పడవలో లేచి నిలబడేవి. ఆపా వాళ్ల మీద అరిచేది కాదు. గస్తీ పడవను పక్కకు తెచ్చి, "దుల్హే భాయ్, కూసో కూసో. ఫొటో నేను తీస్త, ఇద్దరూ మంచిగ వస్తరు" అని ఫోను అందుకునేది. కూర్చున్న జంట ఫొటో నిజంగానే బాగా వచ్చేది. గాలి జోరు పెరిగితే మాత్రం మొహమాటం లేదు, ఎంతటివాళ్లనైనా వెనక్కి తిప్పేది.

ఒక ఆదివారం అత్తమ్మ దుకాణంలో మందపాటి గుడ్డ తాను దించి, తానే కొలిచి కత్తిరించింది. ఎవరికని అడిగాను.

"గా పరదా పల్చగుంది. ఎండ పడితె లోపట నీడ కనబడ్తున్నది. ఆడోళ్ల మర్యాద సంగతి కాబట్టి ఇస్తున్న, గామెతోని నాకేం దోస్తానా లేదు" అంది.

ఎండాకాలం మొదట్లో సర్కారు నుంచి ఒక అధికారి వచ్చాడు. గస్తీకి వచ్చే ఏడు డబ్బు మంజూరు చేయాలా వద్దా అని చూడటానికి వచ్చానన్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, ఎండకు అలిసిపోయి ఉన్నాడు. మేము పడవ కోసం వరసలో నిలబడి ఉన్నాం కనుక అంతా మా ముందే జరిగింది.

"ఈ ఏడాది ఎంతమందిని కాపాడిన్రమ్మా?" అని అడిగాడు.

"ఎవల్నీ లేదు సాబ్," అంది ఆపా.

"ఒక్కరిని గూడ లేదా? మరి ఏం చేస్తున్నరు మీరు?"

"పడనిస్తలేము సాబ్."

ఇంజన్ నడిపే పెద్దాయన గాభరాపడ్డాడు. అవతలి గట్టున చేపలు పట్టేవాడి తెప్ప తిరగబడితే బయటికి లాగిన సంగతి చెప్పబోయాడు. ఆపా ఆయన్ను ఆపింది. ఆ మనిషికి ఈత వచ్చు, తాము పోయేసరికే మోకాళ్ల లోతులో నిలబడి నవ్వుతున్నాడు, దాన్ని కాపాడటం అనలేం అని చెప్పేసింది. అధికారి అది కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు. నాకైతే వెళ్లి ఆమె భుజాలు పట్టి కుదపాలనిపించింది. ఒక్క చిన్న అబద్ధంతో గండం గట్టెక్కే చోట అంత నిజం ఎందుకు?

మంజూరు రాలేదు. పాత గడువు అయిపోయింది. ముగ్గురి జీతాలూ ఆగిపోయాయి. ఆపా ఇంటి కిరాయి, ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ జీతం మీదే నడుస్తున్నాయని పెద్దాయన మాకు తర్వాత చెప్పాడు. గడువు అయిపోయిన రోజు ఆమె చేసిన పని ఎవరూ ఊహించనిది. గస్తీ ఉంటేనే పడవలు తిరగాలన్నది సర్కారు మొదట్లోనే పెట్టిన షరతు. అది అందరూ మరిచిపోయారు, ఆమె మరిచిపోలేదు. రేవు గేటు తాళంచెవి గస్తీవాళ్ల దగ్గరే ఉంటుంది. గేటుకు తాళం వేసేసింది.

అది రంజాన్ పండుగ అయిన తర్వాతి ఆదివారం. కొత్త బట్టలతో జనం పోటెత్తారు. మేమూ పూరీలు, ఆలుగడ్డ కూర డబ్బాలో పెట్టుకుని వెళ్లాం. గేటు ముందు గుత్తేదారు చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు, మక్కకంకులు కాల్చే ఆమె, ఐస్‌క్రీం బండ్లవాళ్లు చుట్టూ మూగారు.

"ఆపా, సర్కారు ఇయ్యకుంటె ఏమైతది? నేనిస్త నీ జీతం. ఇయ్యాల్టి నుంచి నువ్వు నా మనిషివి. తాళం తియ్యి," అంటున్నాడు గుత్తేదారు.

"మీ జీతం తిని మీ పడవనెట్ల ఆపుత భాయ్?" అంది ఆపా.

నేను బీఏ చదువుకున్నాను, దుకాణంలో రోజూ నలుగురితో వాదిస్తాను, కానీ ఒక పనికి సర్కారు సొమ్మే ఎందుకు కావాలో అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఆ నిమిషంలో ఆమె మీద కలిగింది గౌరవం ఒక్కటే కాదు, కొంత అసూయ కూడా. ఇంట్లో బియ్యం సంగతి తెలిసీ అంత స్థిరంగా ఉండటం నా వల్ల అయ్యేది కాదు.

అత్తమ్మకు ఇవేవీ పట్టలేదు. మనవరాలు ఏడుస్తోంది, అది చాలు. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లింది.

"తాళం తియ్యి బిడ్డా, పిల్ల ఏడుస్తున్నది."

"తియ్య అమ్మా."

"జీతం లేదంటివి, నౌకరి లేదంటివి. మరి ఎండల ఈ కుర్చేసుకొని ఎందుకు కూసున్నవ్?"

"తాళం చూస్తె పోరగాళ్లు గోడ దుంకుతరు అమ్మా. నాకు జీతమొస్తున్నదా లేదా అని నీళ్లకేం తెలుసు?"

ఆపా ఒంటి మీద యూనిఫాం లేదు, ఇంట్లో కట్టుకునే పాత సల్వార్, మెడలో ఈల. కాసేపటికి అత్తమ్మ టీ బండి దగ్గర నుంచి ఇంకో ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చుంది. పూరీల డబ్బా తెరిచి ఆమె ఒళ్లో పెట్టింది. ఆ తర్వాత పత్తర్‌గట్టి గొంతు విప్పింది.

"ఏయ్, గేటు పట్టుకొని ఊపకుర్రి! ఈమెను అడిగితె ఏమొస్తది? సర్కారును అడుగుర్రి! గస్తీ పైసలు ఎందుకు ఆపిన్రని అడుగుర్రి!"

వచ్చినవాళ్లకల్లా తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి అదే చెప్పింది. ఎవరో ఫోనులో తీశారు. కొందరు అక్కడి నుంచే తెలిసిన పెద్దమనుషులకు ఫోన్లు చేశారు. ఆ వారం మా దుకాణానికి వచ్చిన గిరాకీలు చీరల ధరకన్నా ముందు చెరువు సంగతి అడిగారు. అత్తమ్మ ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పింది, బేరాలు పోయినా ఫికర్ చేయలేదు. పనున్న రోజుల్లో కూడా సాయంత్రం ఆటో ఎక్కి గేటు దగ్గరికి పోయి కూర్చునేది. ఆపా ఒక్కతే ఉంటుందని నాతో అనేది.

చివరికి అదే అధికారి వచ్చాడు. గేటు బయట నిలబడ్డ జనాన్ని, కుర్చీలో ఉన్న అత్తమ్మను చూసి చిన్నగా నవ్వాడు.

"మంజూరైందమ్మా, ముగ్గురికీ. తాళం తీయుర్రి," అన్నాడు ఆపాతో. "మీరు చెప్పింది చెప్పినట్టే రాసి పంపిన. ఏమీ జరగలేదంటె పైన ఎవరూ చదవలేదు. గేటు బందైతె అందరూ చదివిన్రు."

ఆపా మొదట తల వంచి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాతే తాళంచెవి తీసింది.

తర్వాతి ఆదివారం చెరువు నిండా పడవలే. అత్తమ్మ పెద్ద డబ్బా నిండా లడ్డూలు చేయించింది. ఒడ్డున ఆపా చేతికి ఖాళీ లేదు, పరదా ముందు ఆడవాళ్ల వరస పొడుగ్గా ఉంది. మా పడవ చెరువు మధ్యకు చేరినప్పుడు గస్తీ పడవ పక్క నుంచి వచ్చింది, పరదా దగ్గరి పని ముగించుకుని ఎక్కిన ఆపా ముందు భాగంలో కూర్చుని ఉంది. అత్తమ్మ సంబరం ఆపుకోలేకపోయింది. డబ్బా అందించడానికి జాకెట్ అడ్డమొస్తోందని పట్టీ ఊడదీసి, సగం లేచి చెయ్యి చాచింది.

ఈల మోగింది. చుట్టుపక్కల పడవలన్నీ మావైపు తిరిగేంత గట్టిగా మోగింది.

"అమ్మా, కూసోర్రి! పట్టీ పెట్టుకోర్రి! మీకని వేరే కానూన్ లేదు!"

ఆపా కోసం ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి, ఆమె కోసం బేరాలు పోగొట్టుకున్న మనిషి, ఇంతమంది ముందు ఈ మాట పడిందంటే ఇక ఇంటికి పోయాక మాకు నిద్ర ఉండదు అనుకున్నాను. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి అత్తమ్మ ఎవరి మాటకూ నోరు మూసుకోవడం చూడలేదు. ఆవిడ కూర్చుంది. డబ్బా పక్కన పెట్టింది. పట్టీని కొక్కెంలో దూర్చి, టక్కుమని చప్పుడు అయ్యేదాకా నొక్కింది. గస్తీ పడవ ముందుకు సాగిపోయింది. ఆపా వెనక్కి తిరిగి చూడలేదు, ఆమె చూపు అప్పటికే ఇంకో పడవ మీద ఉంది.

అత్తమ్మ మనవరాలి పట్టీ లాగి చూసింది. తర్వాత నావైపు వంగి, నా జాకెట్ పట్టుకుని ఇటూ అటూ గుంజి, ఎన్నడూ లేనంత మెత్తగా అంది:

"నీది గూడ వదులైంది, గట్టిగ కట్టుకో. నువ్వు పడితె నాకెవరున్నరు?"